డిగ్రీ మొదటి సంవత్సరం మెకానిక్స్‌కి ఏ పుస్తకం: క్లెప్నరా, హాలిడేనా, తెలుగు అకాడమీనా?

ఇంటర్ ఎంపీసీ అయిపోయి బీఎస్సీ ఫిజిక్స్‌లోనో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ)లోనో చేరిన వాళ్ళు మొదటి నెలలో అడిగే ప్రశ్న ఇదే. సీనియర్ క్లెప్నర్ అంటాడు. లెక్చరర్ తెలుగు అకాడమీ పుస్తకం చాలంటారు. ఇంకెవరో ఫైన్‌మన్ చదవకుండా ఫిజిక్స్ ఏంటి అంటారు. ముగ్గురి మాటా నిజమే, కాకపోతే ముగ్గురూ మూడు రకాల విద్యార్థుల్ని మనసులో పెట్టుకుని చెప్తున్నారు. అవన్నీ విని నాలుగు పుస్తకాలు కొని, ప్రతిదాంట్లో మొదటి రెండు చాప్టర్లు (వెక్టర్లు, కైనమాటిక్స్) చదివి, రొటేషన్ దగ్గరికొచ్చేసరికి సెమిస్టర్ అయిపోయిన పిల్లలు ప్రతి కాలేజీలో ఉంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ఒక్క పుస్తకాన్ని ప్రధానంగా పెట్టుకోండి. దాన్ని పేరు చూసి ఎంచుకోకండి, చాప్టర్ చివర ఉన్న లెక్కల్లో సగమైనా సొంతంగా చేయగలరా లేదా అన్నది చూసి ఎంచుకోండి.

## పుస్తకం తెరిచే ముందు చూడాల్సినవి

మొదటిది గణితం. మెకానిక్స్ కష్టం అనుకునే వాళ్ళలో చాలామందికి నిజానికి కష్టంగా ఉన్నది అవకలన సమీకరణాలు (డిఫరెన్షియల్ ఈక్వేషన్లు). ఇంటర్‌లో ఇంటిగ్రేషన్ చేసే ఉంటారు, కానీ ఒక బలం ఇస్తే దాని నుంచి సమీకరణం రాసుకుని, సాధించి, వచ్చిన జవాబు సరైనదో కాదో చూసుకోవడం అక్కడ ఎవరూ చేయించరు.

రెండోది, లెక్కలకు సాధనలు (మెట్టు మెట్టుగా చేసి చూపిన సొల్యూషన్లు) ఉన్నాయా లేదా. క్లాసులో అడగడానికి మనిషి ఉంటే ఇది పెద్ద విషయం కాదు. ఒంటరిగా చదివేవాళ్ళకి మాత్రం నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే జవాబు తప్పొచ్చినప్పుడు ఎక్కడ తప్పిందో తెలియకపోతే మూడో రోజుకి పుస్తకం మూసేస్తారు.

మూడోది మీ సిలబస్. తెలంగాణలో ఈ పేపర్ 'మెకానిక్స్ అండ్ ఆసిలేషన్స్', ఆంధ్రాలో 2023లో సిలబస్ మారేదాకా 'మెకానిక్స్, వేవ్స్ అండ్ ఆసిలేషన్స్'. పేర్లు దగ్గరగా ఉన్నా, ఆ ఆంధ్రా పేపర్లో తీగల కంపనాలు, అల్ట్రాసోనిక్స్ కూడా ఉండేవి. అవి చాలా మెకానిక్స్ పుస్తకాల్లో దొరకవు.

ఇక నాలుగోది, ఒక్కో లెక్కకి మీరు ఎంత టైమ్ ఇవ్వగలరు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషం చిల్లర. రెండేళ్ళు ఆ అలవాటుతో పెరిగినవాళ్ళకి ఒక లెక్క నలభై నిమిషాలు పడితే 'నాకు రాదు' అనిపిస్తుంది. యూనివర్సిటీ మెకానిక్స్‌లో నలభై నిమిషాలు మామూలు విషయం. దానికి టెన్షన్ పడొద్దు.

మీరు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి రెండు లెక్కలు చేసి చూడండి, కాగితం మీద, ఎవర్నీ అడక్కుండా.

ఒకటి: కింద పడుతున్న వస్తువు మీద గాలి నిరోధం దాని వేగానికి అనులోమానుపాతంలో ఉంది. వేగం కాలంతో ఎలా మారుతుంది? సమీకరణం రాసి సాధించాలి. వేగం మొదట్లో త్వరగా పెరిగి, తర్వాత ఎక్స్‌పొనెన్షియల్‌గా ఒక టెర్మినల్ వేగానికి దగ్గరవ్వాలి, ద్రవ్యరాశిని నిరోధ గుణకంతో భాగిస్తే వచ్చేది టైమ్ కాన్‌స్టెంట్ కావాలి.

రెండు: ఘర్షణ లేని నేల మీద ఒక వెడ్జ్ ఉంది, దాని ఏటవాలు తలం మీద, అక్కడా ఘర్షణ లేకుండా, ఒక చిన్న దిమ్మె జారుతోంది. వెడ్జ్ కూడా కదలగలదు. వెడ్జ్ త్వరణం ఎంత? జవాబు వచ్చాక, వెడ్జ్ చాలా బరువైనదైతే ఆ త్వరణం సున్నా అవుతోందా, వాలు సున్నా డిగ్రీలైనా తొంభై డిగ్రీలైనా సున్నా అవుతోందా చూడండి.

మొదటిది రాకపోతే గణితం లోటు. రెండోది రాకపోతే ఫ్రీ బాడీ డయాగ్రమ్ లోటు. రెండూ వస్తే కింద రాసిన పుస్తకాల్లో కష్టమైనవాటికి నేరుగా వెళ్ళొచ్చు.

## ఒక్కొక్కటిగా

తెలుగు అకాడమీ పుస్తకం, డీఎస్ మాథుర్ లాంటి డిగ్రీ పుస్తకాలు. వీటిని తక్కువ చేసి మాట్లాడటం సీనియర్లకి ఫ్యాషన్, అది నాకు నచ్చదు. 1968లో మొదలైన తెలుగు అకాడమీ లేకపోతే తెలుగు మీడియంలో డిగ్రీ ఫిజిక్స్ చదవడం ఎంతమందికి సాధ్యమయ్యేది? జడత్వ భ్రామకం, కేంద్రీయ బలాలు, అవరుద్ధ డోలనాలు ఇవన్నీ సొంత భాషలో ఒకసారి అర్థమయ్యాక అదే విషయాన్ని ఇంగ్లీషులో చదవడం సగం తేలికవుతుంది. డెరివేషన్లు పరీక్షలో అడిగే వరుసలో ఉంటాయి, లాంగ్ ఆన్సర్ రాయడానికి ఇంతకన్నా సూటి దారి లేదు. మాథుర్ పుస్తకంలో ఒక్కో డెరివేషన్ మరీ విడమరిచి ఉంటుంది, మధ్యలో మెట్టు మిస్సయ్యే వాళ్ళకి అది వరమే.

లోటల్లా లెక్కల దగ్గర. ఈ తరహా పుస్తకాల్లో ఎక్కువ లెక్కలు ఫార్ములాలో అంకెలు వేస్తే తేలిపోతాయి. రాకెట్ చలనం డెరివేషన్ మొత్తం కంఠతా వచ్చినవాళ్ళని, కదులుతున్న బండిలోకి ఇసుక పైనుంచి పడుతుంటే బండిని అదే వేగంతో లాగడానికి ఎంత బలం కావాలి అని అడిగితే ఆగిపోతారు. రెండూ ఒకటే లెక్క, మారుతున్న ద్రవ్యరాశి లెక్క. పరీక్ష గట్టెక్కడానికి ఈ పుస్తకాలు చాలు, ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి చాలవు.

హెచ్‌సీ వర్మ మొదటి భాగం. ఇంటర్‌లో దీన్ని పక్కన పెట్టి మెటీరియల్స్‌తో నడిపించిన వాళ్ళు ఇప్పుడు చదవడంలో నామోషీ ఏమీ లేదు. న్యూటన్ నియమాలు, ఘర్షణ, వృత్తాకార చలనం, భ్రమణం, ఈ నాలుగు చాప్టర్లు చాలు. పైన చెప్పిన రెండో లెక్క రానివాళ్ళు నెల రోజులు దీనికివ్వండి. ఇంటర్ స్థాయి దాటదు కాబట్టి అంతకన్నా ఎక్కువ వద్దు.

హాలిడే, రెస్నిక్, వాకర్. 1960లో హాలిడే, రెస్నిక్ ఇద్దరితో మొదలై వాకర్ చేరాక కూడా ఎడిషన్ల మీద ఎడిషన్లు వస్తున్న పుస్తకం. బొమ్మలు, వివరణ, చేసి చూపిన ఉదాహరణలు, తేలిక నుంచి కష్టానికి వెళ్ళే లెక్కలు, బేసి సంఖ్యల లెక్కలకు వెనక జవాబులు. ఇంగ్లీషు కూడా సరళంగా ఉంటుంది. ఇంటర్ నుంచి యూనివర్సిటీకి దాటడానికి ఇంతకన్నా మంచి వంతెన లేదు.

కానీ మన బీఎస్సీ సిలబస్ పక్కన పెట్టుకుని చూస్తే ఖాళీలు కనిపిస్తాయి. ఆయిలర్ సమీకరణాలు లేవు, కేంద్రీయ బలంలో కక్ష్య ఆకారాన్ని పూర్తిగా రాబట్టడం లేదు, తిరిగే నిర్దేశ చట్రాల్లో కొరియాలిస్ బలం మీద మనకి కావాల్సినంత లేదు. అవకలన సమీకరణాలంటే ఈ పుస్తకం వీలైనంత దూరం జరుగుతుంది. అందుకే దీన్ని చదివి చాలా బాగా అర్థమైంది అనుకున్నవాళ్ళు సెమిస్టర్ పేపర్ చూసి కంగారు పడతారు. డబ్బులు పెట్టలేకపోతే ఓపెన్‌స్టాక్స్ వాళ్ళ యూనివర్సిటీ ఫిజిక్స్ మొదటి సంపుటం దాదాపు ఇదే స్థాయిలో, పూర్తిగా ఉచితంగా దొరుకుతుంది.

క్లెప్నర్, కోలెంకో. 1973లో వచ్చింది, ఎంఐటీలో మొదటి సంవత్సరం పిల్లల్లో గట్టివాళ్ళు తీసుకునే కోర్సుతో ముడిపడిన పుస్తకం. ఆశ్చర్యం ఏంటంటే, మన బీఎస్సీ సిలబస్‌కి అంతర్జాతీయ పుస్తకాల్లో అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. వెక్టర్లు, ద్రవ్యవేగం, రాకెట్లు, శక్తి దగ్గర గ్రేడియంట్, కర్ల్, స్థిర అక్షం చుట్టూ భ్రమణం, దృఢ వస్తువులు, జడత్వ రహిత చట్రాలు, కేంద్రీయ బలాలు, డోలనాలు, చివర ప్రత్యేక సాపేక్షత. మన పేపర్ యూనిట్లు తీసుకుని ఇందులోని చాప్టర్ల పక్కన రాసుకుంటే తరంగాలు, అల్ట్రాసోనిక్స్ తప్ప మిగిలేది తక్కువ. అంటే సిలబస్ కోసం ఒకటి, విషయం కోసం ఒకటి చదవాల్సిన పని ఉండదు. చాలామందికి ఈ సంగతి తెలియక దీన్ని 'ఐఐటీ వాళ్ళ పుస్తకం' అనుకుని వదిలేస్తున్నారు.

ఇబ్బంది సాధనల దగ్గరే. పుస్తకంలో కొన్ని లెక్కలకు సూచనలో, జవాబులో ఇస్తారు, పూర్తి సాధనలు ఉండవు. ఒక్కో చాప్టర్‌కి వారం పైనే పడుతుంది. తోడు చదివే స్నేహితుడో, ఓపికున్న లెక్చరరో ఉంటే దీన్ని మించింది లేదు. ఎవరూ లేకపోతే కింద చెప్పేది చూడండి.

డేవిడ్ మోరిన్. 2008లో కేంబ్రిడ్జ్ ప్రచురించింది. క్లెప్నర్ కన్నా ఒక మెట్టు పైన. ప్రతి చాప్టర్ చివర రెండు రకాల లెక్కలుంటాయి. ప్రాబ్లమ్స్ అన్నవాటికి పూర్తి సాధనలు అక్కడే ఉంటాయి, ఎక్సర్‌సైజులకు ఉండవు. లెక్క ఎంత కష్టమో నక్షత్రాలు పెట్టి చెప్తాడు, నాలుగు నక్షత్రాలున్నవి ఎవరికైనా చెమటలు పట్టిస్తాయి. నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది మొదటి చాప్టరే: లెక్క చేయకముందే కొలతలు సరిపోతున్నాయా, జవాబు వచ్చాక విపరీత సందర్భాల్లో అర్థవంతంగా ఉందా అని చూసే అలవాటు నేర్పుతుంది. ఇందాక వెడ్జ్ లెక్కలో చేయమన్న పని అదే.

ఒంటరిగా చదివే తెలివైన విద్యార్థికి క్లెప్నర్ కన్నా మోరిన్ మంచిదని నా నమ్మకం, కేవలం ఆ సాధనల వల్ల. లగ్రాంజియన్ పద్ధతి (బలాల బదులు శక్తితో సమీకరణాలు రాసుకునే దారి) కూడా మధ్యలోనే పరిచయమైపోతుంది. సాధన ముందు చూసి ఆ తర్వాత 'అర్థమైంది' అనుకునే గుణం ఉన్నవాళ్ళకి మాత్రం ఇదే పుస్తకం ప్రమాదం.

ఫైన్‌మన్ లెక్చర్స్ మొదటి సంపుటం. 1961 నుంచి 63 వరకు కాల్‌టెక్‌లో చెప్పిన పాఠాలు. ఇప్పుడు కాల్‌టెక్ సైట్‌లోనే ఉచితంగా చదువుకోవచ్చు. ఇది చదివితే వచ్చే ఆనందం వేరే ఏ పుస్తకం ఇవ్వదు, ఆ మాట నిజం. అయినా ప్రధాన పుస్తకంగా పెట్టుకోవద్దు. ఆ సంపుటంలో చేయడానికి లెక్కలే లేవు, అభ్యాసాలు వేరే పుస్తకంగా వచ్చాయి. ఈ పాఠాలు విద్యార్థులకు ఎంతవరకు పనికొచ్చాయన్న అనుమానం ఫైన్‌మన్ స్వయంగా ముందుమాటలో రాసుకున్నాడు. ఒక టాపిక్ వేరే పుస్తకంలో చదివి, లెక్కలు చేసి, తర్వాత అదే టాపిక్ ఇక్కడ చదవండి. అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇరొడోవ్ గురించి కూడా అడుగుతారు. అది లెక్కల సంకలనం, పాఠం లేదు. జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష) రాసేవాళ్ళు రెండో ఏడాదిలో పట్టుకుంటే సరిపోతుంది. ఎమ్మెస్సీ స్థాయి పుస్తకమైన గోల్డ్‌స్టైన్ మొదటి ఏడాదిలో వద్దు, ఎవరు చెప్పినా సరే.

## ఒకే విషయం, అయిదు పుస్తకాల్లో

ఈ తేడాలు మాటల్లో కన్నా జైరోస్కోప్ దగ్గర బాగా కనిపిస్తాయి. వేగంగా తిరిగే చక్రాన్ని ఇరుసు ఒక కొన దగ్గర మాత్రమే ఆనించి వదిలితే అది కింద పడకుండా నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది, దీన్నే ప్రిసెషన్ అంటారు. ఎందుకు?

డిగ్రీ పుస్తకం ప్రిసెషన్ రేటుకి సమీకరణం రాబట్టి, విషువత్తుల ప్రిసెషన్‌ని ఉపయోగంగా చెప్పి ముగిస్తుంది. పేజీన్నర జవాబు రాయొచ్చు. హాలిడే రెండు పేజీల్లో, చక్కటి బొమ్మతో, బరువు వల్ల వచ్చే టార్క్‌ని స్పిన్ కోణీయ ద్రవ్యవేగంతో భాగిస్తే ప్రిసెషన్ రేటు వస్తుందని చూపిస్తుంది. క్లెప్నర్ అక్కడితో ఆగడు, చక్రం బదులు కడ్డీకి బిగించిన చిన్న ద్రవ్యరాశుల్ని తీసుకుని, ఒక్కో దానికి న్యూటన్ నియమం వేస్తే ప్రిసెషన్ తప్పనిసరి అని చూపిస్తాడు. మోరిన్ సాధారణ సందర్భానికి వెళ్ళి, బొంగరం తల ఊపుతూ తిరగడం దాకా లెక్క కడతాడు.

ఫైన్‌మన్ మాత్రం అసలు ఎవరూ అడగని ప్రశ్న అడుగుతాడు. నిలువు అక్షం చుట్టూ టార్క్ ఏమీ లేదు కదా, మరి చుట్టూ తిరగడం వల్ల వచ్చిన ఆ నిలువు కోణీయ ద్రవ్యవేగం ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు: వదిలిన వెంటనే ఇరుసు కొంచెం కిందికి వంగుతుంది. వంగినందువల్ల స్పిన్‌లోంచి నిలువు దిశలో కొంత భాగం ఏర్పడి ప్రిసెషన్ తెచ్చినదాన్ని సరిగ్గా కొట్టేస్తుంది. అంటే జైరోస్కోప్ నిజంగానే కొంచెం పడుతుంది. ఇది చదివాక ఆ ఫార్ములా ఎప్పటికీ మర్చిపోరు. కానీ పై పుస్తకాల్లో ఏదో ఒకదానితో లెక్క చేయకుండా ఇది మాత్రమే చదివితే, పరీక్షలో ప్రిసెషన్ రేటు అడిగినప్పుడు చేతికి ఏమీ రాదు.

## పట్టికలో

| పుస్తకం | కావాల్సిన గణితం | లెక్కలకు సాధనలు | మన బీఎస్సీ సిలబస్‌కి | ఒంటరిగా చదివితే |
|---|---|---|---|---|
| తెలుగు అకాడమీ, మాథుర్ | ఇంటర్ + డిగ్రీ మొదటి ఏడాది | చేసి చూపిన ఉదాహరణలు | పూర్తిగా | తేలికే |
| హెచ్‌సీ వర్మ | ఇంటర్ | ఉదాహరణలు, చివర జవాబులు | పునాదికి మాత్రమే | తేలికే |
| హాలిడే | ఇంటర్ | బేసి లెక్కలకు జవాబులు | సగం పైన | బాగుంటుంది |
| క్లెప్నర్ | అవకలన సమీకరణాలు | కొన్నిటికి సూచనలు, జవాబులు | చాలా దగ్గర | కష్టం |
| మోరిన్ | అవకలన సమీకరణాలు, ధైర్యం | సగం లెక్కలకు పూర్తిగా | తరంగాలు తప్ప దాదాపు అన్నీ | గట్టివాళ్ళకి బాగుంటుంది |
| ఫైన్‌మన్ | ఇంటర్ పైన కొంచెం | సంపుటంలో లెక్కలు లేవు | తోడుగా | ఆనందం కోసం |

## మీరు ఎవరైతే ఏది

తెలుగు మీడియం నుంచి వచ్చి మామూలు డిగ్రీ కాలేజీలో చదువుతున్నవాళ్ళు: అకాడమీ పుస్తకంతో విషయం, హాలిడేతో లెక్కలు. రెంటినీ ఒకే టాపిక్ మీద ఒకే వారంలో చదవండి. రెండో సెమిస్టర్ అయ్యేలోపు క్లెప్నర్‌లో కోణీయ ద్రవ్యవేగం చాప్టర్ ఒక్కటైనా ప్రయత్నించండి, మీరు అనుకున్నంత దూరంలో లేదని తెలుస్తుంది.

ఐఐటీ జామ్ లక్ష్యం అయితే లెక్క మారుతుంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, వాటిలో 20 సంఖ్యను సొంతంగా తేల్చి టైప్ చేయాల్సినవి, ఆప్షన్లు చూసి ఊహించే వీలుండదు. డెరివేషన్ కంఠస్థం ఇక్కడ అక్కరకు రాదు. క్లెప్నర్ ప్రధానం, ఇరొడోవ్ తర్వాత. సెమిస్టర్ పరీక్షల ముందు పది రోజులు అకాడమీ పుస్తకానికి ఇవ్వండి.

ఐసర్ తిరుపతి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇంటిగ్రేటెడ్ కోర్సులు, ఐఐఎస్‌సీ లాంటి చోట చేరినవాళ్ళకి కోర్సు వేగం చాలా ఎక్కువ. క్లాసులో ఏది వాడుతున్నారో అదే ప్రధానం, పక్కన మోరిన్ పెట్టుకుంటే సాధనలున్న లెక్కలు దొరుకుతాయి. సిద్ధాంతం వైపు మొగ్గు ఉన్నవాళ్ళు కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ టాంగ్ మొదటి ఏడాది విద్యార్థులకు చెప్పిన డైనమిక్స్, రిలేటివిటీ నోట్స్ చూడండి, ఉచితం, పొదుపైన రాత.

బీటెక్ వాళ్ళకి ఒక మాట. మీ 'ఇంజనీరింగ్ మెకానిక్స్' పేపర్ ఇది కాదు. అక్కడ ట్రస్‌లు, ఆధారాల ప్రతిక్రియలు, వైశాల్యాల జడత్వ భ్రామకాలు ఉంటాయి. ఆ పరీక్ష కోసం క్లెప్నర్ కొంటే ఉపయోగం తక్కువ. బీటెక్‌లో ఉండి ఫిజిక్స్ మీద ఇష్టంతో చదవాలనుకుంటే మాత్రం సిలబస్ ఒత్తిడి లేదు కాబట్టి మీ అంత అదృష్టవంతులు లేరు, నేరుగా మోరిన్ తీసుకోండి.

అమెరికాలో అండర్‌గ్రాడ్ చేస్తున్న మన పిల్లలకు ఎంపిక పుస్తకం దగ్గర కాకుండా కోర్సు దగ్గరే వస్తుంది. కాలిక్యులస్ లేని కోర్సు, కాలిక్యులస్ ఉన్న కోర్సు, కొన్ని చోట్ల ఆనర్స్ కోర్సు. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫిజిక్స్ సీ పరీక్ష రాసి కాలేజీ క్రెడిట్ వచ్చిందని మెకానిక్స్ దాటేయాలా అని తల్లిదండ్రులు ఆలోచిస్తారు, ఒక కోర్సు ఫీజు మిగులుతుంది కదా అని. మేజర్ వేరేదైతే దాటేయండి. ఫిజిక్స్ మేజర్ అయితే, ఆనర్స్ మెకానిక్స్ ఉన్నచోట అది తీసుకోవడమే మేలు. అక్కడ నేర్చుకునే కోణీయ ద్రవ్యవేగం హైస్కూల్లో చదివినదానికి చాలా పైన ఉంటుంది.

## వీడియోలు

పుస్తకానికి బదులు పెట్టుకోకపోతే చాలా మంచివి. యేల్‌లో రామమూర్తి శంకర్ 2006లో చెప్పిన 24 పాఠాలు ఉచితంగా ఉన్నాయి, లెక్కలూ సాధనలూ కూడా. బోర్డు మీద నిదానంగా, గణితాన్ని దాచకుండా చెప్తారు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో 8.01 మెకానిక్స్ చిన్న చిన్న వీడియోలుగా ఉంది, ఒక్క టాపిక్ దగ్గర ఆగిపోయినవాళ్ళకి అది పనికొస్తుంది. ఎన్‌పీటెల్ (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాల సైట్)లో ఐఐటీ ప్రొఫెసర్ల కోర్సులు మన పరీక్షల తీరుకి దగ్గరగా ఉంటాయి. వీడియో ఆపి, బోర్డు మీద వచ్చే తర్వాతి లైను ముందే మీరు రాసి చూడండి. అలా చేయని రోజు రెండు గంటల వీడియో కన్నా ఒక్క లెక్క చేయడం మేలు.

## కొనేటప్పుడు

హాలిడే కొత్త ఎడిషన్ అవసరం లేదు, మెకానిక్స్ భాగం ఏ ఎడిషన్‌లోనైనా దాదాపు అదే. హైదరాబాద్ కోఠిలోనో విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకాల షాపుల్లో అడగండి. క్లెప్నర్ మొదటి ఎడిషన్ భారతీయ ముద్రణ పేపర్‌బ్యాక్‌గా వచ్చింది. కేంబ్రిడ్జ్ తెచ్చిన రెండో ఎడిషన్ ముద్రణ ఇంకా కంటికి హాయిగా ఉంటుంది గానీ, విషయానికి పాతది చాలు. మోరిన్ కొనేముందు లైబ్రరీలో ఒకసారి తీసి, రెండో చాప్టర్లో ఒక నక్షత్రం ఉన్న లెక్కలు మూడు చేసి చూడండి. ఒక్కటైనా సొంతంగా వస్తే కొనండి. మూడూ రాకపోతే అదే లైబ్రరీలో హాలిడే తీసుకుని ఇంటికి రండి, మోరిన్ వచ్చే ఏడాది అక్కడే ఉంటుంది.